హీబ్రూ స్పెల్లింగ్ నేర్చుకోవడానికి ఆ భాష చరిత్ర పనికొస్తుందా?

జగిత్యాల_అబ్బాయి:
ఇజ్రాయెల్‌లోని రామత్ గాన్‌లో ఒక పెద్దావిడను చూసుకునే పనిలో ఉన్నాను. మాట్లాడటం పరవాలేదు, బోర్డులు చదువుతాను. రాయాలంటేనే టెన్షన్. 'క'కు రెండు అక్షరాలు, 'ఖ'కు రెండు, 'వ'కు రెండు. ఉల్పాన్‌లో (హీబ్రూ నేర్పే బడిలో) బట్టీ పట్టమంటున్నారు. ఒకాయన మాత్రం ముందు భాష చరిత్ర తెలుసుకో అన్నారు. నిజంగా ఉపయోగం ఉంటుందా?

హీబ్రూ_టీచరమ్మ:
ఉంటుంది తమ్ముడూ, నువ్వు అడిగిన దాంట్లోనే బాగా ఉంటుంది. ఒకప్పుడు ఆ జంటల్లో ఒక్కో అక్షరానికి ఒక్కో ధ్వని. క్రీ.శ. 200 ప్రాంతానికి ఇళ్లలో హీబ్రూ మాట్లాడటం ఆగిపోయింది, ప్రార్థనలూ పుస్తకాలూ ఆగలేదు. 1881లో ఎలియెజెర్ బెన్ యెహూదా అనే హీబ్రూ అభిమాని జెరూసలేం చేరి, తన ఇంట్లో హీబ్రూ తప్ప ఇంకో భాష వద్దని పట్టుబట్టాడు. అలా మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది యూరప్ నుంచి వచ్చినవాళ్లు, యిడ్డిష్‌కు (అక్కడి యూదుల భాషకు) అలవాటుపడ్డ నోళ్లు. గొంతు లోపలి ధ్వనులు వాళ్లకు పలకలేదు. పలుకులో అక్షరాలు కలిసిపోయాయి, రాత పాతదే మిగిలింది. మనలో చాలామంది శ, ష ఒకేలా పలికినా వేరుగా రాసినట్టు.

నువ్వన్న జంటలు ఇవి: కకు కాఫ్, కోఫ్; ఖకు కాఫ్, ఖేత్; వకు బేత్, వావ్. పాత హీబ్రూలో అచ్చు తర్వాత వచ్చిన బ, క, ప మెత్తబడి వ, ఖ, ఫ అయ్యేవి, రాసే అక్షరం మాత్రం అదే. ఆ మార్పు క్రియల్లో ఇప్పటికీ ఉంది. 'కతవ్' అంటే రాశాడు, రాయడానికి 'లిఖ్తోవ్'. క కాస్తా ఖ అయింది, కాబట్టి కాఫ్. 'కరా' అంటే చదివాడు, చదవడానికి 'లిక్రో'. క మారలేదు, కాబట్టి కోఫ్. 'షవర్' అంటే విరగ్గొట్టాడు, 'నిష్బర్' అంటే విరిగింది. వ పోయి బ వచ్చింది, కాబట్టి బేత్. 'పతఖ్' అంటే తెరిచాడు. దాని చివరి ఖ ఏ రూపంలోనూ క కాదు, అది ఖేత్. ఒకే ధాతువు రూపాలు రెండు మూడు పక్కపక్కన రాసుకుని చూడు, బట్టీ చాలావరకు తప్పుతుంది.

హైఫా_వాసి:
అక్కా, బయట అంత శుద్ధంగా ఎవరు మాట్లాడుతున్నారు? బట్టలు ఉతికాడు అనడానికి 'కిబేస్' అనాలి, చాలామంది 'ఖిబేస్' అంటారు. ముందు చెవికి అలవాటు కావాలి, చరిత్ర తర్వాత చదువుకోవచ్చు.

హీబ్రూ_టీచరమ్మ:
మాట్లాడటానికైతే మీరన్నదే నిజం. రాతకు మాత్రం ఆ తేడా కూడా సాయమే: ఒకే మాటను కొందరు కతో, కొందరు ఖతో పలుకుతున్నారంటే అది కాఫే. ఇంకొకటి, 'కఫే', 'టెలెఫోన్' లాంటి బయటి మాటల్లో క సాధారణంగా కోఫ్, ట సాధారణంగా తేత్ (టకున్న రెండో అక్షరం తావ్ కాదు).

జగిత్యాల_అబ్బాయి:
మా సవ్తా (నేను చూసుకునే బామ్మగారు) బాగ్దాద్‌లో పుట్టారు, 1951లో ఇక్కడికొచ్చారు. ఆవిడ ఖేత్ అందరిలా గరగరమనదు, అరబ్బుల 'హ'లా లోపలి నుంచి వస్తుంది.

హీబ్రూ_టీచరమ్మ:
ఇరాక్, యెమెన్ పెద్దవాళ్లలో ఆ పాత పలుకు నిలిచింది. ఇక నీకు వేరే టీచర్ ఎందుకు! సామాన్ల లిస్టు ఆవిడ చేత చెప్పించుకుని రాయి. ఖలవ్ (పాలు), లెఖెమ్ (రొట్టె), మెలఖ్ (ఉప్పు)లలో ఒక ధ్వని, ఓఖెల్ (తిండి)లో ఇంకొకటి స్పష్టంగా వినిపిస్తాయి. మొదటి మూడూ ఖేత్, చివరిది కాఫ్. టమాటాను 'అగ్వానియా' అన్నప్పుడు మొదటి అక్షరం కూడా జాగ్రత్తగా విను, ఇప్పుడు చాలామంది నోట ఆలెఫ్, ఆయిన్ అనే రెండక్షరాలూ ఒకేలా వినిపిస్తాయి; ఇది ఆలెఫ్ కాదు, ఆయిన్.