ఆర్ విలువ 1 కంటే తగ్గితే బిలాలు గుంపు కట్టినట్టేనా?

శిలారేఖ: 20 × 20 కి.మీ. చదరంలో 100 అగ్నిపర్వత బిలాలు. ఒక్కోదానికి దగ్గరి బిలం సగటున 0.85 కి.మీ. దూరంలో ఉంది. యాదృచ్ఛికంగా పడి ఉంటే 1 కి.మీ. రావాలి. క్లార్క్–ఇవాన్స్ ఆర్, అంటే కొలిచిన సగటుకూ రావలసిన సగటుకూ నిష్పత్తి, 0.85; జెడ్, అంటే ఆ తేడా ప్రామాణిక దోషానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె, −2.87. గుంపు కట్టాయని రాయడానికి ఇంకేం కావాలి?

బిందువు: ఆ 400 చ.కి.మీ.లో బిలం బయటికి కనిపించే మేర ఎంత? 120 చ.కి.మీ. ఒండ్రు కిందో, తర్వాతి లావా కిందో పూడిపోయిందనుకోండి, మిగిలేది 280. అప్పుడు రావలసిన సగటు 0.5 × √(280 ÷ 100), అంటే 0.84. మీ ఆర్ 1.02 అయిపోతుంది. బిలాలు కదల్లేదు, మీరు గీసిన హద్దే కదిలింది.

శిలారేఖ: అంచు ప్రభావం మాత్రం నా వాదనకే బలం కదండీ. అసలు పొరుగు బిలం హద్దు బయట ఉండిపోతే కొలిచిన దూరం పెరుగుతుంది, ఆర్ పైకి పోతుంది. అంచు ప్రభావాన్ని లెక్కలోకి తీసుకునే డొనెల్లీ సవరణతో రావలసిన సగటు 1.04, ఆర్ 0.81.

బిందువు: నిజమే, కానీ ఆ సూత్రం దీర్ఘచతురస్రం లాంటి హద్దులకు. పూడిన చోట్ల తూట్లు పడ్డ పాలిగాన్‌కి, అంటే బహుభుజి హద్దుకి, నప్పదు. పూడిన మేర తీసేసి, మిగిలినదాంట్లో 100 బిందువులను యాదృచ్ఛికంగా 999 సార్లు చల్లండి. ప్రతిసారీ సగటు దూరం లెక్కగట్టి మీ 0.85 ఎన్నో స్థానంలో పడుతుందో చూడండి. అంచు సమస్య అందులోనే తీరిపోతుంది.

కెర్నల్: దానికంటే ముందు ఇంకోటి. ఒకే విస్ఫోటనంలో ఒకే పగులు వెంట తెరుచుకున్న నాలుగు నోళ్లను నాలుగు బిందువులుగా ఎక్కించారా? అలాగైతే ఆర్ తగ్గక ఏం చేస్తుంది! పైగా ఆర్ అతి దగ్గరి దూరాన్నే చూస్తుంది. ఒక్కో బిలం చుట్టూ వేర్వేరు దూరాల్లోపు ఎన్ని బిలాలున్నాయో చూసే రిప్లీ కె వేయండి, 5 కి.మీ. దాటకండి. 99 సిమ్యులేషన్ల కనిష్ఠ–గరిష్ఠ పట్టీని గీత ఎక్కడో ఓచోట దాటిందని సంబరపడొద్దు: యాదృచ్ఛికంగానే పట్టీ దాటే అవకాశం 2 శాతం అన్నది ఒక్కో దూరానికి విడిగా చెప్పేది, అన్ని దూరాలకూ కలిపి కాదు. గరిష్ఠ విచలనాన్ని, అంటే యాదృచ్ఛిక అంచనా నుంచి గీత అత్యధికంగా తప్పిన మేరను, ఒకే అంకెగా తీసుకుని సిమ్యులేషన్ల మధ్య దాని స్థానం చూడండి.

శిలారేఖ: సాంద్రత అంతటా ఒకేలా లేకపోతే? అసమ సాంద్రతకు సవరించిన కె ఉందిగా.

కెర్నల్: ఉంది. అవే బిందువుల నుంచి 1 కి.మీ. బ్యాండ్‌విడ్త్‌తో (ఎంత దూరం మేర నునుపు చేస్తామో అది) సాంద్రత తీస్తే గుంపులన్నీ సాంద్రతలోకే ఇంకిపోతాయి, 10 కి.మీ. పెడితే సాంద్రత తేడాలే గుంపుల్లా కనిపిస్తాయి. ఒక్క పటంతో ఆ రెంటినీ విడదీయలేం. సాంద్రతను బయటి సమాచారంతో, అంటే ఫాల్టు (శిలలు పగిలి జరిగిన చోటు) నుంచి దూరం వంటి వాటితో కట్టాలి.

శిలారేఖ: ఫాల్టు గీతలు కూడా ఆ ఒండ్రు అంచు దగ్గరే ఆగిపోయాయి మరి.