ఆముదం గింజలో తెల్లగా, మందంగా ఉన్నవి బీజదళాలేనా?

ప్రశ్న:
మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. విత్తనాల పాఠం చదివి వదిలేయకుండా కోసి చూద్దామని నేనే పట్టుబట్టి చిక్కుడు, మొక్కజొన్న, ఆముదం గింజలు రాత్రంతా నానబెట్టాను. చిక్కుడు గింజ పొట్టు తీయగానే రెండు బద్దలుగా విడిపోయింది. ఒక అంచున వంకీ తిరిగిన బుల్లి మొక్క కూడా కనిపించింది. ఆముదం గింజ మచ్చల పెంకు ఒలిస్తే అదీ రెండు తెల్లటి బద్దలైంది. ఇవే బీజదళాలని, అంటే గింజలోని బుల్లి మొక్క తొలి ఆకులని, అమ్మాయి బొమ్మ గీసి పేర్లు రాసింది. పుస్తకంలో మాత్రం ఆ తెల్లటి భాగం అంకురచ్ఛదం, అంటే మొలకకు ఆహారం దాచి ఉంచే కండ, అని ఉంది. ద్విదళ బీజమని చెప్పి, కళ్లెదుట ఉన్న రెండు బద్దలను దళాలు కావంటే పిల్లకు ఏమని చెప్పను? అయోడిన్ చుక్క వేస్తే చిక్కుడు నల్లబడింది, ఆముదం నల్లబడలేదు. ఇది ఎందుకో కూడా చెప్పండి.

మొదటి జవాబు:
పుస్తకంలో ఉన్నదే సరైనది. ముందుగా ఒక మాట: ఆముదం గింజలో రిసిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. ముక్కలు పిల్లల నోటికి అందకుండా పారేసి, చేతులూ కత్తీ సబ్బుతో కడగండి.

రెండో జవాబు:
అమ్మా, నేను ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పాను. ఏటా ఈ గింజ దగ్గరే పిల్లలు ఆగేవారు, నాకు ఎంతో ఇష్టమైన పాఠం కూడా ఇదే. మీరు విడదీసిన బద్దల లోపలి ముఖాన్ని వెలుతురులో చూడండి. ఈనెలున్న పల్చని పొర ఒకటి అంటుకొని ఉంటుంది. సూది మొనతో మెల్లగా లేపితే కాగితంలా వస్తుంది. బీజదళం అది! రెండు బద్దలకూ ఒక్కొక్కటి ఉంటుంది. గింజ కొసన మెత్తటి బుడిపె ఉంది చూశారా, ఆ వైపున రెండు దళాలూ చిన్న కాడ దగ్గర కలుస్తాయి. వేరు వచ్చేది అక్కడి నుంచే. మందాన్ని బట్టి పేరు పెట్టకూడదు, పిండానికి, అంటే గింజలోని బుల్లి మొక్కకు, అతుక్కొని ఉందా లేదా అన్నది చూడాలి. తెల్లటి కండకు పిండంతో ఏ అతుకూ ఉండదు.

ఆ కండ పుట్టుకే వేరు. పుప్పొడి నాళం రెండు పురుష బీజాలను తెస్తుంది. ఒకటి అండంతో కలిసి పిండమవుతుంది, రెండోది మరో రెండు కేంద్రకాలతో కలిసి అంకురచ్ఛదమవుతుంది. ఈ సంగతిని రష్యా వృక్షశాస్త్రవేత్త నవాషిన్ 1898లో కనిపెట్టాడు. చిక్కుడులోనూ అంకురచ్ఛదం ఏర్పడుతుంది, కానీ కాయ ముదిరేలోపే పిండం దాన్ని తినేసి తన దళాల్లో దాచుకుంటుంది. ఆముదంలో ఆ భోజనం మొలకెత్తేదాకా మిగిలే ఉంటుంది. దళాలు అందుకే అంత పల్చన. మొలిచాక ఆ కండను పీల్చుకొని, పైకి వచ్చి, పచ్చటి ఆకుల్లా విచ్చుకుంటాయి.

అయోడిన్ పట్టేది పిండి పదార్థాన్ని. ఆముదం దాచుకున్నది నూనె, మాంసకృత్తులు. ఒక ముక్కను కాగితం మీద నొక్కితే నూనె మరక పడుతుంది.

అడిగినవారు:
మాస్టారూ, పొర దొరికింది! ఈనెలు స్పష్టంగా కనిపించాయి, అమ్మాయి బొమ్మ మళ్లీ గీసింది. మొక్కజొన్న గింజను నిలువుగా కోసి అయోడిన్ వేస్తే మొత్తం నల్లబడింది గానీ, మొన వైపు ఒక పక్కన కొంత భాగం పాలిపోయే ఉంది. అదేమిటి?

రెండో జవాబు:
అదే పిండం. అందులో పెద్ద భాగం డాలులా ఉండే స్కూటెల్లమ్, అంటే మొక్కజొన్నకున్న ఒకే ఒక్క బీజదళం. అది పైకి రాదు, లోపలే ఉండి నల్లబడిన అంకురచ్ఛదం నుంచి ఆహారం పీల్చి మొలకకు అందిస్తుంది. అందులో నూనె ఎక్కువ. మొక్కజొన్న నూనె తీసేది ఆ పాలిపోయిన భాగం నుంచే. అమ్మాయిని దాన్నీ కాగితం మీద నొక్కి చూడమనండి.