కృత్రిమ రక్తనాళం ఎవరిది: గొట్టం చేసినవాడిదా, కొలత పట్టుకున్నవాడిదా?

వైరుపురుగు:
బిల్ గోర్ 1958లో తన పేరుతో గోర్ కంపెనీ పెట్టింది పీటీఎఫ్ఈతో, అంటే మనం టెఫ్లాన్ అనే ప్లాస్టిక్‌తో, కరెంటు వైర్లకు ఇన్సులేషన్ చేయడానికి. 1969లో ఆయన కొడుకు బాబ్, వేడి చేసిన కడ్డీని మెల్లగా లాగినప్పుడల్లా తెగిపోతోందని విసుగొచ్చి ఒక్క ఊపున గుంజాడు. తెగలేదు సరికదా, బారుగా సాగింది. లోపలంతా గాలి గదులే. ఆ సరుకుతో చేసిన గొట్టాలను 1973లో అదే కంపెనీకి చెందిన పీటర్ కూపర్ డాక్టర్లకు పంపాడు. అరిజోనాలో డేవిడ్ గోల్డ్‌ఫార్బ్ అనే సర్జన్ వాటిని కుక్కల రక్తనాళాల్లో అమర్చి చూశాడు. 1974లో కూపర్, గోల్డ్‌ఫార్బ్ ఇద్దరూ ఆ కృత్రిమ రక్తనాళం పేటెంటుకు విడివిడిగా దరఖాస్తు పెట్టారు. చివరికి 2002లో అది గోల్డ్‌ఫార్బ్‌కు దక్కింది. నా దృష్టిలో ఇది అన్యాయం. గొట్టమే లేకపోతే ఆయన కుట్టేది దేన్ని?

సూదీదారం:
అన్యాయం ఎలా అవుతుందండీ? మైక్రోస్కోప్ కింద ఆ పదార్థం చిన్న చిన్న ముడుల్లా, వాటిని కలిపే సన్నటి పోగుల్లా కనిపిస్తుంది. కిటుకంతా పోగుల పొడవులోనే ఉంది. మరీ పొట్టిగా ఉంటే కణాలు గోడలోకి పాకలేవు, గ్రాఫ్ట్, అంటే అమర్చిన గొట్టం, రక్తం గడ్డకట్టి మూసుకుపోతుంది. మరీ పొడవైతే గోడ బలం తగ్గుతుంది. ఏ పొడవైతే నిలుస్తుందో తేల్చింది గోల్డ్‌ఫార్బ్. వాయిద్యం చేసినవాడు పాట కూడా నాదే అంటే ఎలా?

వైరుపురుగు:
ఆ పొడవు ఎక్కణ్ణుంచి వచ్చింది మరి? ఎంత వేడిలో, ఎంత వేగంగా లాగారన్న దాన్నుంచి. అది గోర్ ఫ్యాక్టరీ పని. గోల్డ్‌ఫార్బ్ పరీక్ష చేశాడు, అంతే. ఈ పేటెంటు కేసులో 2012లో అప్పీలు కోర్టు గోర్‌కు వ్యతిరేకంగా తీర్పిచ్చినప్పుడు జడ్జి పాలీన్ న్యూమన్ కూడా మెజారిటీతో విభేదించారు. ఊరికే విభేదించలేదు కదా!

పాతకేసులు:
గోర్ మీద మరీ జాలి పడకండి. బాబ్ సాగదీత పద్ధతి మీద గోర్‌కున్న పేటెంటు గురించి గార్లాక్ కంపెనీతో నడిచిన 1983 నాటి కేసు చూడండి. న్యూజిలాండ్‌లో జాన్ క్రాపర్ అనే ఆయన బాబ్ కంటే ముందే, 1966లోనే, పీటీఎఫ్ఈ టేపును సాగదీసే యంత్రం తయారుచేశాడు. కాకపోతే గుట్టుగా ఉంచాడు. గుట్టుగా ఉంచినవాడి పని లోకానికి వెల్లడించినవాడి పేటెంటుకు అడ్డం రాదని కోర్టు అంది, గోర్ లాభపడింది. ముందు ఎవరు చేశారన్నదొక్కటే చాలదని అప్పుడు చేదుగా లేదు, తన దాకా వచ్చేసరికి చేదైంది.

సందేహాలరావు:
మీరంతా పేర్ల దగ్గరే ఆగిపోయారు. నాకు కోపం తెప్పించేది తేదీలు. 1974 నాటి దరఖాస్తుకు 2002లో పేటెంటు! అప్పటి అమెరికా పాత చట్టం ప్రకారం మంజూరైన రోజు నుంచి 17 ఏళ్లు. అంటే 1973లో కుక్కకు కుట్టిన గొట్టం మీద 2019 దాకా హక్కు. ఆ పేటెంటును ఉల్లంఘించిందని 2007లో జ్యూరీ గోర్ మీద వేసిన నష్టపరిహారం సుమారు 18.5 కోట్ల డాలర్లు, తర్వాత జడ్జి దాన్ని రెట్టింపు చేశాడు. అన్నేళ్లుగా అందరూ వాడుతున్న వస్తువు మీద ఇదేం లెక్క?

సూదీదారం:
ఆలస్యం తప్పే, ఒప్పుకుంటాను. కానీ అది పేటెంటు ఆఫీసు జాప్యం, గోల్డ్‌ఫార్బ్ తప్పు కాదు.

వైరుపురుగు:
సరే, ఇద్దరి పేర్లూ వేస్తే పోయేది కదా?

పాతకేసులు:
ఆ వాదన కూడా కోర్టులో నడిచింది. గొట్టాలు పంపడం ఒక్కటే చాలదన్నారు. పోగు పొడవు ముఖ్యమని కూపర్ ఆ డాక్టరుకు చెప్పినట్టు ఆధారం దొరకలేదు. పార్సిల్‌తో పాటు ఆ కొలత గురించి ఒక్క ముక్క రాసి పంపి ఉంటే, ఈ కేసు ఇంకోలా తిరిగేదేమో.