థర్మోస్టాట్ పోయింది, గీజర్‌ని "డైరెక్ట్" చేసి వెళ్లాడు. ఇలాగే వాడొచ్చా?

మియాపూర్_మూడోఫ్లోర్ (ఉదయం 6:40)
అందరికీ నమస్తే. మాది 15 లీటర్ల గీజర్, 2000 వాట్లు. కొని ఆరేళ్లయింది, బోరు నీళ్లే. పోయిన వారం ఎర్ర లైటు వెలగడం మానేసింది, నీళ్లు వేడెక్కలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి మూత విప్పి, మీటరు పెట్టి చూసి కాయిల్ బాగానే ఉంది, నీళ్లు వేడెక్కాక కరెంటు ఆపే థర్మోస్టాట్ పోయిందన్నాడు. షాపులో సరిపోయేది దొరకలేదట. "ప్రస్తుతానికి డైరెక్ట్ ఇచ్చేస్తా, గుర్తుపెట్టుకుని ఆపుకోండి చాలు" అని రెండు వైర్లూ కలిపేసి 250 తీసుకుని వెళ్లాడు. ఇప్పుడు లైటు ఆరనే ఆరదు. నిన్న ముప్పావు గంట అలాగే ఉండిపోయింది. కుళాయి తిప్పితే బుస్సుమని ఆవిరి, వెనకాలే సలసల కాగిన నీళ్లు. ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది. ఇంట్లోవాళ్లేమో "ఇరవై నిమిషాలకి ఆపితే అయిపోయే, గంత లొల్లి ఎందుకు" అంటున్నారు. నిజంగా ప్రమాదమా, నేనే ఎక్కువ చేస్తున్నానా?

స్పానర్_బాబాయ్ (6:58)
ఏం కంగారు పడకండి. మా రాజమండ్రి ఇంట్లో ఏడేళ్లుగా డైరెక్టే. మొదట్లో కంపెనీ సర్వీసుకి ఫోన్ చేశా. వచ్చినవాడు మూడొందల యాభై రూపాయల థర్మోస్టాట్ వేసి, విజిటింగ్ చార్జీ, ఆ చార్జీ, ఈ చార్జీ అని 1,900 బిల్లు రాశాడు. నాలుగు నెలలకి అదీ పోయింది. మళ్లీ పిలిస్తే "ఈ మోడల్ ఆగిపోయింది సార్, ఎక్స్‌ఛేంజిలో కొత్తది తీసుకోండి" అన్నాడు. నేనే మూత విప్పి డైరెక్ట్ చేసుకున్నా. స్విచ్ వేయడం, ఇరవై నిమిషాలకి ఆపడం. అంతే. థర్మోస్టాట్ అనేది బద్ధకస్తుల కోసం పెట్టింది.

గార_కాయిల్ (7:20)
బాబాయ్, మీ బిల్లు బాధ నిజమే కానీ అడిగింది బిల్లు గురించి కాదు. మంచి గీజర్లో రెండు కాపలాలుంటాయి. నీళ్లు మనం పెట్టిన వేడికి రాగానే కరెంటు ఆపేది థర్మోస్టాట్. అది పనిచేయక నీళ్లు ఇంకా కాగిపోతే పూర్తిగా కట్ చేసేది కటౌట్. డైరెక్ట్ చేసేటప్పుడు చాలామంది రెండూ దాటించి వైరు కలిపేస్తారు. మూడోఫ్లోర్ గారూ, ముప్పావు గంటకి ఆవిరి వచ్చిందంటే మీ కటౌట్ కూడా లెక్కలో లేనట్టే.

లెక్క చూడండి. 15 లీటర్లు 25 డిగ్రీల నుంచి 60కి రావడానికి 0.6 యూనిట్, 2000 వాట్ల మీద 18 నిమిషాలు. 100కి చేరడానికి నలభై నిమిషాలు కూడా పట్టదు. అంటే మీరు నిన్న మరిగే నీళ్ల డబ్బా నెత్తిన పెట్టుకుని స్నానానికి వెళ్లారు.

కేపీహెచ్‌బీ_కుర్రోడు (7:31)
బోర్డులో ఎంసీబీ ఉంది కదా, లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్, ట్రిప్ అయిపోద్ది.

గార_కాయిల్ (7:36)
అవదు. 2000 వాట్ల గీజర్ లాగేది 9 ఆంపియర్ల లోపే. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడు. రోజంతా మరిగినా దానికేం పట్టదు.

ఎర్తింగ్_ముఖ్యం (7:50)
ముందు ఆర్‌సీసీబీ పెట్టించండి, 30 మిల్లీ ఆంపియర్లది. మిగతావన్నీ తర్వాత.

గార_కాయిల్ (7:54)
అది షాక్ కొట్టకుండా కాపాడేది. మంచిదే, పెట్టించుకోవాలి. కానీ నీళ్లు మరగడానికీ దానికీ సంబంధం లేదు.

స్పానర్_బాబాయ్ (8:15)
లెక్కలు సరే. చిన్నప్పుడు మా ఇంట్లో రాగి బాయిలర్ ఉండేది. మధ్యలో గొట్టం, కింద పుల్లలు, చుట్టూ నీళ్లు. తెల్లారుజామున మంట పెడితే పది మంది స్నానాలు చేసేవాళ్లం. దానికి థర్మోస్టాట్ ఎవడు పెట్టాడు? ఎప్పుడైనా పేలిందా?

గార_కాయిల్ (8:29)
బాయిలర్ మీద మూత వదులుగా ఉంటుంది బాబాయ్, ఆవిరి పోతుంది. గీజర్ నాలుగు వైపులా మూసిన డబ్బా. చల్లనీళ్లు వచ్చే దారిలో ఉన్న వాల్వు నీళ్లని వెనక్కి పోనివ్వదు. కుళాయి కట్టేసి ఉంటే లోపలి ఒత్తిడి బయటపడడానికి ముఖ్యమైన దారి ఆ వాల్వు కారడమే. బోరు నీళ్లకి అదీ గార పట్టి బిగుసుకుపోతుంది.

స్పానర్_బాబాయ్ (8:41)
మా బాయిలర్ మూత వదులుగా ఏమీ లేదు. ఇత్తడి మూత. బిగుతుగానే ఉండేది.

వాల్తేరు_గాలి (8:52)
అయ్యో, ఆ వాల్వు నుంచి చుక్కలు పడుతున్నాయని మా వాచ్‌మన్ ఎం-సీల్ పెట్టి మూసేశాడే 😳

గార_కాయిల్ (8:53)
గీజర్ ఆపండి. ఇప్పుడే. తర్వాత మాట్లాడదాం.

డల్లాస్_అల్లుడు (9:10)
ఇక్కడ 50 గ్యాలన్ల కరెంటు ట్యాంకులకి పైన ఒకటి, కింద ఒకటి రెండు థర్మోస్టాట్లు, నొక్కే ఎర్ర రీసెట్ బటన్, ఇవి కాక 210 ఫారెన్‌హీట్ దగ్గర తెరుచుకునే వాల్వు. ఎవడూ డైరెక్ట్ చేయడు.

స్పానర్_బాబాయ్ (9:14)
అక్కడ ప్లంబర్ గుమ్మం తొక్కితే ఎంత అడుగుతాడో అదీ చెప్పు నాయనా.

పాతసామాను (9:40)
ఓ టైమర్ స్విచ్ పెట్టేస్తే సరి.

గార_కాయిల్ (9:45)
ఆ డబ్బుతో థర్మోస్టాటే వస్తుంది కదండీ! పాతది విప్పి చేత్తో పట్టుకెళ్లండి. రాడ్ రకమో, సన్న రాగి గొట్టం ఉన్న రకమో చూసుకోవాలి, రాడ్ అయితే పొడవు కూడా కలవాలి. ఒక షాపులో లేదంటే కోఠిలో స్పేర్ పార్ట్స్ అమ్మే నాలుగు షాపులు తిరగాలి. మీ ఎలక్ట్రీషియన్ తిరగలేదు, అంతే. బాబాయ్‌కి ఏడేళ్లుగా ఏమీ కాలేదంటే అది అదృష్టం. దాన్ని పద్ధతి అని పదిమందికీ చెప్పకండి.

స్పానర్_బాబాయ్ (10:05)
అదృష్టమా? ముప్పై రెండేళ్లు పేపర్ మిల్లులో పంపులు, వాల్వులు చూసి రిటైరయ్యా. నిన్నకాక మొన్న నెట్‌లో లెక్కలు నేర్చినవాడు నాకు ఒత్తిడి గురించి చెప్తాడా? మా ఇంట్లో ఏడేళ్లలో ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు స్విచ్ మర్చిపోలేదు. క్రమశిక్షణ ఉంటే చాలు.

గార_కాయిల్ (10:09)
మిల్లులో రిలీఫ్ వాల్వు పీకేసి "ఆపరేటర్ గుర్తుపెట్టుకుంటాడులే" అంటే మీరు ఒప్పుకునేవారా?

స్పానర్_బాబాయ్ (10:12)
మిల్లు వేరు, ఇల్లు వేరు.

రెండో_షిఫ్ట్ (10:30)
పొద్దుట్నుంచీ చదువుతున్నా, ఒక్క మాట అడగాలి. బాబాయ్ గారూ, మీ ఇంట్లో ఆ స్విచ్ వేసేది, ఆపేది ఎవరు?

స్పానర్_బాబాయ్ (10:38)
దానికీ దీనికీ సంబంధం ఏమిటమ్మా. మాట్లాడేది థర్మోస్టాట్ గురించి.

రెండో_షిఫ్ట్ (10:44)
నేనూ దాని గురించే అడుగుతున్నా. ఒక్కరోజు కూడా మర్చిపోలేదన్నారు కదా, మర్చిపోనిది ఎవరు?

స్పానర్_బాబాయ్ (11:02)
మా ఆవిడే చూసుకుంటుంది. అయితే ఏంటి.

రెండో_షిఫ్ట్ (11:15)
అదే. మా ఇంట్లో రెండేళ్లు ఇదే నడిచింది. అయిదున్నరకి లేచి స్విచ్ వేయాలి, పాలు పొయ్యి మీద పెట్టాలి, చట్నీ రుబ్బుతూ గడియారం చూడాలి, ఆపాలి, రెండోవాళ్లకి మళ్లీ వేయాలి. ఒకరోజు పిల్లాడి బస్సు హడావిడిలో ఆపకుండా కిందికి పోయా. వచ్చేసరికి ప్లగ్గు కరిగి వాసన. ఇంటిల్లిపాదీ "నీకు ధ్యాస లేదు" అన్నారే గానీ థర్మోస్టాట్ లేదని ఒక్కరూ అనలేదు. ఆ 350 మిగిలింది ఎవరికి? చేసే పనిని యంత్రం మీంచి తీసి నా నెత్తిన పెట్టారు.

కేపీహెచ్‌బీ_కుర్రోడు (11:20)
గీజర్ థ్రెడ్డు ఎటో పోయింది 😅

మియాపూర్_మూడోఫ్లోర్ (11:47)
ఎటూ పోలేదు తమ్ముడూ. నేను మొదట రాయలేదు, ఇప్పుడు రాస్తున్నా. నిన్న స్విచ్ వేసింది మా మామయ్యగారు. వేసి పేపరు చదువుకుంటూ కూర్చున్నారు. కుళాయి తిప్పింది నేను, చెయ్యి ఎర్రబడింది నాది, "చూసుకోవద్దా" అనిపించుకున్నదీ నేనే. ప్రమాదమా అని అడగడం కంటే, ఇంట్లో చూపించడానికి నాలుగు మాటలు ఎవరైనా రాస్తారని ఆశపడ్డా. గార కాయిల్ గారి లెక్క మావారికి పంపించా. "నలభై నిమిషాలకే మరుగుతాయా" అని ఒక్క ప్రశ్న వచ్చింది.

గార_కాయిల్ (11:55)
మరుగుతాయి. ఎలక్ట్రీషియన్ మళ్లీ వచ్చినప్పుడు మెయిన్ ఆపించి, మీటరు పెట్టి చూసేటప్పుడు మీవారినే పక్కన నిలబడమనండి. కటౌట్, వాల్వు కూడా చూపించమనండి. ప్లగ్గు దగ్గర నల్లబడిందేమో కూడా. అప్పటిదాకా బకెట్లోకి పొయ్యి మీద కాచుకోండి.

స్పానర్_బాబాయ్ (12:20)
అమ్మా మూడోఫ్లోర్, చెయ్యికి ఇప్పుడెలా ఉంది? చిన్నపిల్ల ఉన్న ఇల్లయితే మార్పించేయండి, నేను కాదనను. మా ఇంటి సంగతి మేం చూసుకుంటాం.
బాయిలర్ మూత మాత్రం బిగుతుగానే ఉండేది.