బొందలగడ్డ అంటే తప్పేముంది?

పోస్టు: మాది దేవరకొండ వైపు ఊరు. మా అక్క కొడుకు ఎనిమిదో తరగతి. ఊరి చరిత్ర రాయమని వాళ్ల సోషల్ సార్ పోయిన శనివారం పిల్లలందరినీ బొందలగడ్డకు (శ్మశానానికి) తీసుకుపోయాడు. సమాధుల మీద ఏం రాసుంటే అది నోటుబుక్కులో ఎక్కించుకోవాలి, అంతే. మా అమ్మ గయ్యిమన్నది: "బతికున్న పోరగాండ్లను బొందలగడ్డకు తోల్కపోతరా ఎవరన్నా?" నాకైతే ఆ సార్ చేసిన పని భలే నచ్చింది. మా ఊళ్లో కోట లేదు, శాసనం లేదు. రాసిన రాళ్లున్న చోటు అదొక్కటే.

గొడవ ఇంకోచోట వచ్చింది. వాడు "మా ఊరి బొందలగడ్డ" అని పేరు పెట్టి రాసుకుపోతే, తెలుగు పీరియడ్‌లో దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసి పైన "వైకుంఠధామం" అని దిద్దారు. బొందలగడ్డ అనేది తిట్టట.

బొంద అంటే గుంత. బొంద తవ్వుతాం, బొందపెడతాం. బొందలున్న గడ్డ బొందలగడ్డ. పుట్టినగడ్డలో ఉన్న గడ్డే ఇదీ. "నీ బొంద" అని తిట్టుకునే మాట నిజమే. "నీ తలకాయ" అని కూడా అంటాం, అందుకని తలకాయ బూతు అయిపోయిందా? వైకుంఠధామం అనే పేరు 2019లో సర్కారు పల్లె ప్రగతి పథకం మొదలయ్యాక శ్మశానం గేటు మీదికి వచ్చింది. షెడ్డు వచ్చింది, నీళ్లు వచ్చాయి, సంతోషం. ఆ పేరు గేటు మీద ఉంటే ఉండనీ, పిల్లాడి నోట్లో మాట ఎందుకు మార్చాలి? మీ ఊళ్లలో ఏమంటారో చెప్పండి.

నారాయణపేట నుంచి: అన్నా, మా దిక్కు లింగాయతులు ఎక్కువ. పోయినవాళ్లను కూర్చోబెట్టి పూడుస్తారు. లింగైక్యం అయ్యాడంటారు. బతికినన్నాళ్లూ శివుడికి తప్ప చెయ్యెత్తని ముసలాయనను తీసుకుపోయి వైకుంఠంలో కూర్చోబెడితే ఊరుకుంటాడా? బొందలగడ్డలో ఏ దేవుడి పేరూ లేదు. అందుకే అందరికీ సరిపోయింది. కన్నడం మాట్లాడే మా చుట్టాలు సుడుగాడు అంటారు. కాల్చే కాడు అన్నమాట.

మిర్యాలగూడ నుంచి: ఆ కాడే మన కాటికాపరిలోనూ, వల్లకాడులోనూ ఉంది. కాడు అంటే మొదట అడవి. తమిళంలో కాల్చే చోటుకు సుడుకాడు, పూడ్చే చోటుకు ఇడుకాడు అని రెండు మాటలున్నాయి. ఇంకోటి, బొంద అనేది బొంది నుంచి వచ్చి ఉంటుందా? బొందితో కైలాసం అంటాం కదా.

పోస్టు పెట్టిన నేను: నాకు నమ్మకం కుదరడం లేదు సార్. బొంది అంటే దేహం, బొంద అంటే గుంత. వినడానికి దగ్గరగా ఉంటే చాలు చుట్టరికం కలిపేయడం మన గ్రూపుకు పాత జబ్బు (ముందు నాకే ఉంది).

అది వదిలేయండి, నన్ను రెండు రోజులుగా తినేస్తున్నది ఇది. వాడి నోటుబుక్కులో ఒక సమాధి కింద "1357" అని ఉంది. తప్పు రాశావురా అంటే, లేదు మామా, రాయి మీద అట్లనే ఉంది, నేనూ మా దోస్తూ ఇద్దరం చూసినం అంటాడు. కాకతీయుల చివరి రాజు ప్రతాపరుద్రుడు పోయింది 1323లో. ఆ తర్వాత ముప్పై నాలుగేళ్లకు మా ఊళ్లో సిమెంటు సమాధి కట్టారా?

రెవెన్యూలో చేసి రిటైరైన ఒక సార్: నవ్వొచ్చింది బాబూ. పాత పహాణీలు (భూమి లెక్కల పుస్తకాలు) చూసిన కళ్లకు అది వెంటనే తెలుస్తుంది. అది ఫసలీ సంవత్సరం. నిజాం రాజ్యంలో సర్కారు లెక్కంతా ఫసలీలోనే. 590 కలపండి, 1947 వస్తుంది. హైదరాబాద్ ఫసలీ సంవత్సరం అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి ఆ మనిషి 1947 అక్టోబరుకూ 1948 అక్టోబరుకూ మధ్య పోయాడు. నిజాం కొమ్ముకాసిన రజాకార్లు ఊళ్ల మీద మరీ ఎక్కువగా పడ్డది ఆ ఏడాదే. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా భారత సైన్యం జరిపిన పోలీసు చర్య కూడా ఆ ఏడాదిలోనే పడుతుంది. ఎట్లా పోయాడో రాయి చెప్పదు, మామూలు జ్వరంతోనూ పోయి ఉండొచ్చు. కానీ ఇంట్లో అడగాల్సిన సంవత్సరం అది.

మాట సంగతి కూడా చెప్తాను. ఫసలీ అంటే పంటకు సంబంధించినది. ఫసల్ అంటే పంట. శిస్తు వసూలు పంటను బట్టి కాబట్టి ఏడాదిని పంటతో లెక్కపెట్టారు. భూమి లెక్క కోసం పుట్టిన ఏడాది చావు రాయి మీదికి ఎక్కింది.

పోస్టు పెట్టిన నేను: సార్, దండం. మా అమ్మకు చదివి వినిపించాను. ఇప్పుడు ఆ సమాధి ఎవరిదో కనుక్కోమని నా వెంట ఆమే పడుతున్నది.

హుజూర్‌నగర్ నుంచి ఒక అక్క: గోరీ మాట ఎవరూ ఎత్తలేదేం? గోరీ కట్టారు అంటాం, అది ఫారసీ గోర్. ఖబరస్తాన్‌లో ఉన్న ఖబర్ అరబ్బీ మాట. వార్త అనే ఖబర్ వేరు, తెలుగులో రాస్తే రెండూ ఒకేలా కనబడతాయి. మా దగ్గర జాన్‌పహాడ్ దర్గా ఉంది. జనవరిలో ఉర్సుకు (ఏటా జరిగే దర్గా జాతరకు) అన్ని కులాల వాళ్లూ, అన్ని మతాల వాళ్లూ వస్తారు. ఉర్సు అంటే అరబ్బీలో పెళ్లి! పిల్లలు కావాలని మొక్కుకుని, పుట్టాక సైదులు, సైదమ్మ అని పేరు పెడతారు. సైదిరెడ్డి, సైదానాయక్ అనే పేర్లు కూడా అట్లా వచ్చినవే. మా తరగతిలోనే నలుగురు సైదులు ఉండేవాళ్లం, నేను సైదమ్మను.

సూర్యాపేట నుంచి: ఒక చిన్న విన్నపం. గుండ్రాంపల్లిలో రజాకార్ల చేతిలో చచ్చిపోయినవాళ్ల పేరు మీద ఉన్నది స్తూపం. ఫణిగిరి గుట్ట మీద బౌద్ధులు కట్టిందీ స్తూపమే. స్థూపం కాదు. స్థలం, స్థాపన చూసి చేతులు అటు జారుతున్నాయి. సగం ఊళ్లలో రాళ్ల మీదే ఒత్తు తప్పుగా చెక్కారు, ఇప్పుడు దిద్దలేం.

పోస్టు పెట్టిన నేను: 1357 పక్కన ఏదో అక్షరం అరిగిపోయి ఉందట. "ఫ" అయి ఉండాలి. ఆదివారం మావాణ్ని తీసుకుని పోతున్నా. పైన పేరు కూడా సగమే కనబడుతున్నదట. సున్నం రాసి చూడమంటారా?

రెవెన్యూ సార్: సున్నం, పసుపు ఏదీ పూయకండి, గీకకండి. పొద్దున ఏడింటికల్లా పొండి. ఎండ ఏటవాలుగా పడినప్పుడు అక్షరాల నీడ తేలుతుంది. పక్క నుంచి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, చదువుదాం.