గోడ తీసేసి ఓపెన్ కిచెన్ చేయించాలా, వద్దా?

పాతఫ్లాట్_కూకట్‌పల్లి:
మాది 2003లో కట్టిన అపార్ట్‌మెంట్, రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్. ఇప్పుడు టైల్స్, వైరింగ్, వంటిల్లు అన్నీ మార్పిస్తున్నాం. హాలుకీ వంటింటికీ మధ్య గోడ తీసేస్తే రెండూ కలిసి 300 చదరపు అడుగులు వస్తుందని, వెలుతురు బాగుంటుందని ఇంటీరియర్ వాళ్లు అంటున్నారు. నా భార్య సరే అంది, అమ్మ ససేమిరా వద్దంటోంది. మా ఇంట్లో రోజూ పోపు, ఆదివారం చేపలు. చేయించుకున్నవాళ్లూ వద్దనుకున్నవాళ్లూ చెప్పండి.

సైట్‌ఇంజనీర్:
అందం సంగతి తర్వాత, ముందు ఆ గోడ ఏ రకమో చూడండి. 2003 నాటి అపార్ట్‌మెంట్ అంటే చాలావరకు పిల్లర్లు, బీములు లేపి మధ్యలో ఇటుక గోడలు కట్టిందే అయ్యుంటుంది, నాలుగున్నర అంగుళాల గోడైతే సాధారణంగా అడ్డుగోడే. పాత ఇండిపెండెంట్ ఇళ్లలో అలా కాదు, తొమ్మిది అంగుళాల గోడల మీదే స్లాబు కూర్చుని ఉంటుంది. ఇప్పుడొస్తున్న పెద్ద టవర్లలో చాలాచోట్ల అల్యూమినియం షట్టరింగ్‌తో గోడలు కూడా కాంక్రీటే పోస్తున్నారు, వాటి జోలికి అసలు పోకూడదు. మేస్త్రి తట్టి చూసి ఏం కాదన్నాడని సుత్తి ఎత్తనివ్వకండి, స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి చూపించి, కాగితం మీద రాయించుకుని, అసోసియేషన్‌కి ఇచ్చాకే పని మొదలుపెట్టండి. పై బీము బయటపడుతుంది, గోడలో ఉన్న వైరింగ్ పక్కకి జరపాలి.

ఉమ_విశాఖ:
నేను చేయించుకున్నాను, మళ్లీ ఇల్లు కట్టినా అదే చేయిస్తాను. మన ఫ్లాట్లలో వంటిల్లు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు, ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండదు, ఫ్యాన్ ఉండదు, మేలో అందులో నిలబడి చపాతీలు కాల్చేది ఆడవాళ్లు, హాల్లో చల్లగా కూర్చుని "అయిందా" అని అడిగేది మిగతా అందరూ. గోడ పోయాక మా పిల్లాడు వచ్చి గట్టు పక్కన కూర్చుని హోంవర్క్ చేసుకుంటాడు, మావారు కూరగాయలు తరుగుతారు. ఎదురుగా నేను ఒక్కదాన్నే చేసుకోవడం కనిపిస్తుంటే ఆయనకి కూర్చోబుద్ధి కాదు. మీ ఆవిడ సరే అనడానికి కారణం వెలుతురు ఒక్కటే అనుకోకండి, అడిగి చూడండి.

భీమవరం_అమ్మమ్మ:
మీ అమ్మగారి వైపు నేను మాట్లాడతాను బాబూ. వంటిల్లంటే నాకు ఒక తలుపు ఉన్న గది. చుట్టాలు వస్తే పాత చీరలో, చెమటతో, నాలుగు గిన్నెలు సింకులో ఉండగా పనిచేసుకుంటాను, అది ఎవరికీ కనపడక్కర్లేదు. ఓపెన్ అయితే గట్టు ఎప్పుడూ సర్దే ఉంచాలి. ఆ సర్దడం ఎవరి పని? మిక్సీలో పచ్చడి తిప్పుతుంటే హాల్లో ఫోను మాట్లాడేవాళ్లు విసుక్కుంటారు, ఎండుమిర్చి వేయిస్తే ఇల్లంతా దగ్గులు. ఉమగారి ఇంట్లో మనుషులు మంచివాళ్లు కాబట్టి వచ్చి సాయం చేస్తున్నారు, గోడ పగలగొట్టినంత మాత్రాన అన్ని ఇళ్లలో అలా జరగదమ్మా.

ఫ్రిస్కో_తెలుగు:
టెక్సస్‌లో కొత్త ఇళ్లు చాలావరకు ఇలాగే కడతారు, వంటిల్లు, డైనింగ్, హాలు అంతా ఒకటే. చూడ్డానికి భలే ఉంటుంది. కానీ ఇక్కడ మన తెలుగువాళ్లలో చేపల వేపుడు కోసం గ్యారేజీలోనో వెనక ప్యాటియోలోనో విడిగా స్టవ్ పెట్టుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు, ఎందుకంటే పొగని బయటికి పంపకుండా వడగట్టి మళ్లీ గదిలోకే వదిలే హుడ్లు చాలా ఇళ్లలో ఉంటాయి. సోఫా బట్టకి, కర్టెన్లకి పట్టిన వాసన ఓ పట్టాన పోదు. మన వంటకి సరిపడేలా రెండో చిన్న వంటిల్లు ఇచ్చే బిల్డర్లు కూడా ఉన్నారు, స్పైస్ కిచెన్ అంటారు. ఓపెన్ కావాలంటే ఘాటు పనికి వేరే చోటు చూసుకోండి అన్నా, మీకు వాష్ ఏరియా ఉందా?

సైట్‌ఇంజనీర్:
ఫ్రిస్కో అన్నది కరెక్ట్, చిమ్నీ పైపు ఇంటి బయటికి వెళ్లాల్సిందే. ఆరంగుళాల పైపు, వీలైనంత పొట్టిగా, వంపులు తక్కువగా ఉండాలి, చోటు లేదని నాలుగంగుళాలకి తగ్గిస్తే మోతే తప్ప లాగదు. ఇంకొకటి ఎవరూ చెప్పరు. డబ్బా మీద గంటకి 1000, 1200 ఘనమీటర్లని రాసి ఉంటుంది, పైపు వేశాక అందులో సగమే లాగుతుందనుకున్నా 500. మీ 300 చదరపు అడుగులు, తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు అంటే దాదాపు 80 ఘనమీటర్ల గాలి. అంటే పది నిమిషాలకోసారి ఆ గదిలో గాలి మొత్తం బయటికి పోయినట్టు లెక్క, దాంతోపాటు ఏసీ చల్లదనం కూడా. చిమ్నీ ఆపితే పొగ, వేస్తే ఉక్క. సీలింగ్ ఫ్యాన్ వేస్తే మంట ఊగుతుంది, పొగ చిమ్నీకి అందకుండా చెదిరిపోతుంది. సిలిండర్ వాడుతుంటే అది కూడా చూసుకోండి, ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకైతే నేల వెంట పాకుతుంది, తలుపున్న వంటింట్లో ఆగేది హాల్లోకి వస్తుంది. కింద గాలి పోయే దారి తప్పనిసరి.

ఉమ_విశాఖ:
ఇవన్నీ నిజమే, కానీ మూసిన వంటింట్లో ఆ పొగంతా పీల్చేది ఒక్క మనిషి. హాల్లోకి వస్తేనే అది సమస్యగా కనిపించడం నాకు బాధగా ఉంది. ఓపెన్ చేసినా చేయకపోయినా మంచి చిమ్నీ, కిటికీ పెట్టించండి.

భీమవరం_అమ్మమ్మ:
ఈ మాట మాత్రం ఒప్పుకుంటానమ్మా.

పాతఫ్లాట్_కూకట్‌పల్లి:
అందరికీ థాంక్స్. ఇద్దర్నీ కూర్చోబెట్టి విడివిడిగా అడిగాను. నా భార్యకి కావాల్సింది ఒక్కతే లోపల ఉండిపోకుండా ఉండడం, అమ్మకి కావాల్సింది తలుపు. అందుకని గోడ మొత్తం తీయకుండా గట్టు ఎత్తు వరకు ఉంచి, పైన జరిపే గాజు తలుపులు పెట్టించాలనుకుంటున్నాం, మామూలుగా తెరిచి ఉంచి, పోపుకీ చుట్టాలొచ్చినప్పుడూ మూసేయొచ్చు. వాష్ ఏరియా ఉంది, అక్కడ వేపుళ్లకి ఇంకో స్టవ్. ఇంజనీర్ గారూ, దీనికి కూడా కాగితం కావాలా?

సైట్‌ఇంజనీర్:
గోడ సగం తీసినా తీసినట్టే, కావాలి. వాష్ ఏరియాలో స్టవ్ పెడితే అక్కడ గాలాడేలా గ్రిల్ ఉంచండి, గాజుతో మూసేయొద్దు. జరిపే తలుపులకి బరువంతా పై ట్రాక్ మీద ఉండేలా చూసుకోండి, కింద గాడి ఉంటే జిడ్డు, పిండి పేరుకుపోయి నెలల్లోనే బిగుసుకుపోతాయి. తలుపు పూర్తిగా తెరిస్తే ఎంత ఖాళీ వస్తుందో టేపు పెట్టి కొలిచి, మీ ఆవిడకి చూపించాకే ఆర్డర్ ఇవ్వండి.