కొట్టులో ‘మోర్ చీపర్’ అంటే నవ్వారు, సరిగా ఎలా చెప్పాలి?

మడత విప్పేవాడు:
సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో ఒక చీరల కొట్టులో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. చదువు ఇంటర్ వరకు, తెలుగు మాధ్యమం. తెలుగులో గాని హిందీలో గాని చీర అమ్మడానికి తడుముకోను. ఇంగ్లీషులో అడిగేవాళ్ళు వస్తేనే చెమటలు పడతాయి. మా పనంతా పోల్చడమే కదా! ఇది దానికంటే తేలిక, దీని అంచు ఇంకా పెద్దది, అన్నిటిలోకీ ఇదే చవక.

మొన్న ఒకావిడ ముందు రెండు నూలు చీరలు పరిచాను. ఒకటి 80 కౌంటు, ఇంకొకటి 100 (కౌంటు అంటే నూలు ఎంత సన్ననిదో చెప్పే అంకె). వందది సన్నని నూలు, అందుకే ధర ఎక్కువ. ఆ మాటే చెబుదామని ‘థిన్నర్’ అన్నాను. ఆవిడ దాన్ని వెంటనే పక్కకు నెట్టారు. మరొకటి తీసి ‘మోర్ చీపర్ ఫ్రమ్ దిస్’ అంటే, వెంట వచ్చిన అమ్మాయి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. పదో తరగతిలో ‘నో అదర్’, ‘వెరీ ఫ్యూ’ వాక్యాలు మార్చి రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. నోటికి రావడం లేదు. పట్టికలు వద్దు, కొట్టులో పనికివచ్చేలా చెప్పండి.

సుద్దముక్క:
బాబూ, నేను వారాసిగూడలో ఉంటాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఆ అమ్మాయి నవ్విన మాట కంటే మీ ‘థిన్నర్’ వల్లే ఎక్కువ నష్టం జరిగింది. తెలుగులో సన్నం వేరు, పలచన వేరు. మీరు నూలు సన్నదనం చెప్పబోయారు, ఆవిడకు బట్ట పలచన అని వినిపించింది. మీకు కావలసిన మాట ‘ఫైనర్’. అలాగే ‘చీపర్’ కూడా ఆచితూచి వాడండి, నాసిరకం అనే వాసన వస్తుంది. ‘లెస్ ఎక్స్‌పెన్సివ్’ అంటే మర్యాదగా ఉంటుంది.

ఇక ‘మోర్’ సంగతి. తెలుగులో ‘తేలిక’ అన్న మాట ఎప్పటికీ మారదు, పక్కన ‘కంటే’ పెడితే పని అయిపోతుంది. ఇంగ్లీషులో మాటే మారుతుంది. ఒక్క అచ్చు పలికే చిన్న మాటలకు, లైట్, సాఫ్ట్, బ్రైట్ వంటివాటికి, చివర ‘అర్’ చేరుతుంది. అది చేరాక ‘మోర్’ ఎందుకు? అన్నం మీద అన్నం వడ్డించినట్టు! హెవీ లాంటివీ అంతే, హెవియర్. కంఫర్టబుల్, ఎక్స్‌పెన్సివ్ వంటి పొడుగు మాటలకు మాత్రం ముందు ‘మోర్’, చివర ఏమీ ఉండదు. లెక్క అక్షరాలతో కాదు, పలుకుతో, అంటే నోట ఎన్ని అచ్చులు పలికితే అన్ని పలుకులు. గుడ్, బ్యాడ్ మాత్రం ఏ లెక్కకూ లొంగవు, బెటర్, వర్స్ అవుతాయి.

నా తరగతిలో ఏటా వచ్చిన తప్పు ఇంకొకటి. మన ‘చాలా’ రెండు చోట్లా నడుస్తుంది: చాలా తేలిక, దానికంటే చాలా తేలిక. ఇంగ్లీషులో మొదటిదానికి ‘వెరీ’, రెండోదానికి ‘మచ్’. ‘వెరీ లైటర్’ అనకండి, ‘మచ్ లైటర్’ అనండి.

రాత్రి డ్యూటీ:
మీ ‘ఫ్రమ్’ ఎక్కడిదో నాకు తెలుసు. కొట్టులో రోజంతా హిందీలో ‘ఇస్ సే సస్తా’ అంటారు కదా, ఆ ‘సే’కి రెండు అర్థాలు, ‘నుంచి’, ‘కంటే’. కాల్ సెంటర్‌లో చేరిన కొత్తలో నేనూ అదే అనేవాణ్ణి. ‘ఫ్రమ్’ బదులు ‘దాన్’ అలవాటు చేసుకోండి. అయినా బిల్లు పడిందా లేదా చెప్పండి. అర్థమైతే చాలదా?

సుద్దముక్క:
చాలదు నాయనా, థిన్నర్ అర్థమయ్యే కదా చీర పక్కకు పోయింది! కాకపోతే ‘మోర్ చీపర్’ గురించి ఆయన అంత సిగ్గుపడనక్కర్లేదు. 16, 17 శతాబ్దాల ఇంగ్లీషులో మంచి రచయితలే అలా రెండూ కలిపి రాసేవారు. 18వ శతాబ్దపు వ్యాకరణవేత్తలు దాన్ని గట్టిగా తప్పుపట్టారు. ఇప్పుడు మాత్రం తప్పే.

మడత విప్పేవాడు:
అమ్మా, ఈ రోజు ప్రయత్నించాను. ‘ఫైనర్’ అంటూ కొంగు వేలి మీద పరిచి వెలుతురులో చూపించాను, ‘మచ్ లైటర్’ కూడా అన్నాను. ఆవిడ రెండు చీరలూ ఒళ్ళో పెట్టుకుని అంతా విని, అచ్చమైన తెలుగులో అడిగారు: ‘ఈ రెండింటిలో ఏది ఎక్కువ కాలం మన్నుతుంది?’ ఎనభై కౌంటుదని తెలుగులోనే చెప్పాను, అదే తీసుకున్నారు. ఇంతకీ మన్నికకు ‘అర్’ చేరుతుందా, ‘మోర్’ కావాలా?

సుద్దముక్క:
మన్నికైనది అంటే ‘డ్యూరబుల్’. నోటితో పలికి లెక్కపెట్టి, మీరే రాయండి.

మడత విప్పేవాడు:
మూడు పలుకులు. ‘మోర్ డ్యూరబుల్’.